ఉదయసముద్రంలో రీచింగ్ లెగ్: మూడు రకాల పడవలు, పది ఆదివారాలు

మా దగ్గర ఉన్నవి మూడు తెరచాప పడవలు, మూడూ మూడు రకాలు: ఒక ఆప్టిమిస్ట్, ఒక లేజర్ రేడియల్, ఇద్దరు నడిపే ఒక ఎంటర్‌ప్రైజ్. అన్నీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే. ఒకే రకం పడవలతో పోటీ పెట్టుకునే వీలు లేదు కాబట్టి మేం ఎప్పుడు పందెం వేసుకున్నా అది కలగలుపు పందెమే. ముందు వచ్చినవాళ్లే గెలిచినట్టు కాదు. బ్రిటన్‌లో తెరచాప పడవల సంఘం ఆర్‌వైఏ ఏటా ప్రకటించే పోర్ట్స్‌మౌత్ యార్డ్‌స్టిక్ అంకెలతో సమయాన్ని సరిచేసుకుంటాం. పట్టిన సెకన్లను 1000తో గుణించి, పడవ అంకెతో భాగించాలి. ఆ అంకెలు ఏడాదికోసారి కొద్దిగా అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి మేం రౌండ్ చేసి తీసుకున్నాం: ఎంటర్‌ప్రైజ్ 1120, రేడియల్ 1150, ఆప్టిమిస్ట్ 1640.

పందెంలో ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు ఉండే దూరం లెగ్. గాలి పక్క నుంచి తగులుతుండగా నడిచే లెగ్గే రీచ్. ఒక బోయ (నీటి మీద తేలే గుర్తు) నుంచి ఇంకో బోయకు తిన్నగా పోవడమే కదా అనిపిస్తుంది. మా పిల్లలు ఎదురుగాలిలో కష్టపడి సంపాదించిన సెకన్లన్నీ ఇక్కడే పోగొట్టుకుంటున్నారు. ఎందుకు పోతున్నాయో కొలిచి తెలుసుకోవాలని పెట్టుకున్న పని ఇది. ఇలాంటి రెండు మూడు రకాల పడవలతో ఇంకెవరైనా మొదలుపెడితే మేం పాడుచేసుకున్న ఆదివారాలు వాళ్లకు మిగలాలని రాస్తున్నాను.

చోటు నల్లగొండ పక్కన పానగల్లు, ఉదయసముద్రం. కందూరు చోడుల కాలం నాటి చెరువు. ఇప్పుడు కృష్ణా నీళ్లతో నిండే రిజర్వాయర్. తాగునీళ్లకు కూడా ఇదే ఆధారం కాబట్టి మోటారు బోటు పెట్టుకోలేదు. అనుమతి కాగితం చేతికొచ్చాకే నీళ్లలోకి దిగాం. పడవ బోల్తాపడితే ఆదుకోవడానికి చేపలు పట్టే కాక ఒకాయన పుట్టి వేసుకుని మాతోనే ఉంటాడు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ పడవ ఎక్కరు.

ఆప్టిమిస్ట్ నడిపేది ఏడో తరగతి పాప. రేడియల్ మీద ఇంటర్ పిల్లవాడు. ఎంటర్‌ప్రైజ్‌లో డిగ్రీ చదివే అక్కా తమ్ముడు.

దశ 1: బోయలు నిలబడలేదు (ఆరుద్ర కార్తె, 2 ఆదివారాలు)

పడమటి గాలి మొదలైంది. ఉత్తరాన ఒక బోయ, దక్షిణాన ఒక బోయ, మధ్య 400 మీటర్లు. గాలి సరిగ్గా అడ్డంగా తగలాలి.

బోయలంటే పాత 20 లీటర్ల నీళ్ల డబ్బాలు. మూతకు ఎం-సీల్ పెట్టి, నారింజ రంగు పూశాం. లంగరుకు 5 కిలోల ఇసుక మూట కట్టాం. మొదటి ఆదివారం 7 పరుగులు తీశాం. సమయాలు ఒకదానికొకటి పొంతన లేవు. మధ్యాహ్నం కాక పుట్టి వేసుకెళ్లి చూసి, “డబ్బా ఆడ లేదు సార్, తూర్పుకు జరిగింది” అన్నాడు. ఫోన్ జీపీఎస్‌తో చూస్తే దక్షిణం బోయ 60 మీటర్లు కొట్టుకుపోయింది. అంటే మేం కొలిచింది అడ్డగాలి లెగ్ కాదు, వెనకగాలి కలిసిన లెగ్. ఏడు పరుగులూ కొట్టేశాను.

రెండో వారం మార్చినవి:

1. ఇసుక మూట 5 కిలోలకు బదులు 15 కిలోలు. గోనెసంచిలో గోనెసంచి పెట్టి కుట్టాం.
2. తాడు పొడవు నీళ్ల లోతుకు మూడింతలు. ముందు లోతుకు సరిపడా మాత్రమే కట్టడంతో అల వచ్చినప్పుడల్లా మూట పైకి లేచేది.
3. డబ్బాలో మూడో వంతు నీళ్లు. ఖాళీ డబ్బాను గాలి తోసేస్తుంది.
4. ప్రతి పరుగుకు ముందు కట్ట మీద పాతిన రెండు కర్రల వరుసలో బోయ కనబడుతోందో లేదో చూడటం.

నాలుగోది ఖర్చు లేని పని, అన్నిటికంటే పనికొచ్చింది కూడా అదే.

ఇప్పటిదాకా: లెక్కలోకి వచ్చే పరుగులు 0, పారేసినవి 7. డబ్బాలు, తాడు, సంచులు, గాలి వేగం చూసే మీటరు, ఫోన్లకు వాటర్‌ప్రూఫ్ కవర్లు కలిపి రూ. 3,500. కాకకు ఆదివారానికి రూ. 400 చొప్పున 800. మొత్తం రూ. 4,300.

దశ 2: ఒంటరి పరుగులు (పునర్వసు, 2 ఆదివారాలు)

పక్కన ఎవరూ లేనప్పుడు ఏ పడవకు ఎంత పడుతుందో తెలియకపోతే, పందెంలో ఎంత పోయిందో చెప్పలేం. గాలి గంటకు 15 కిలోమీటర్ల దగ్గర ఉన్నప్పుడే పరుగులు తీశాం. ఒక్కో పడవకు ఎనిమిది. సగటు:

ఎంటర్‌ప్రైజ్ 151 సెకన్లు. రేడియల్ 155. ఆప్టిమిస్ట్ 222.

యార్డ్‌స్టిక్ అంకెలకు ఇవి దాదాపు సరిగ్గా సరిపోయాయి. అయితే ఆ అంకె అన్ని రకాల లెగ్గులకు, అన్ని గాలులకు కలిపి తీసిన సగటు. గాలి బాగా పెరిగితే రేడియల్ లేచి నీటి మీద జారుతుంది. 2.36 మీటర్ల ఆప్టిమిస్ట్‌కు ఆ వీలు తక్కువ. తను లేపిన అలలో తనే ఇరుక్కుని, సెకనుకు 1.8 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి గాలి ఎక్కువున్న రోజు రీచ్‌లో పాప ఎంత బాగా నడిపినా అంకె ఆమెకు అన్యాయం చేస్తుంది. గాలి తక్కువున్న రోజు అదే అంకె మేలు చేస్తుంది. ఇది పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే మనసు విరుగుతుంది.

ఇక్కడ చేసిన తప్పులు రెండు. ఎదురుగాలికి కావలసినట్టు డ్యాగర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దింపే పలక) పూర్తిగా కిందికి దింపి రీచ్ నడిపితే రేడియల్‌కు 161 సెకన్లు పట్టింది. సగం పైకి తీస్తే 155. ఇంకా తీస్తే ఇంకా వేగం వస్తుందని పిల్లవాడు ముప్పావు వంతు తీశాడు. పడవ పక్కకు జారి, బోయ దగ్గరికి వచ్చేసరికి 15 మీటర్లు కిందుంది (గాలి వచ్చే వైపును పైన అనీ, గాలి పోయే వైపును కింద అనీ అంటాం). పైకి ఎక్కి రావడంతో కలిపి 158. పైగా బోయ దగ్గర తెరచాప అటునుంచి ఇటు తిరిగేటప్పుడు, తెరచాప కింది కడ్డీని లేవకుండా పట్టి ఉంచే కిక్కర్ తాడు పైకి పొడుచుకొచ్చిన బోర్డుకు తట్టుకుంది. పడవ బోల్తా. ఇప్పుడు బోర్డుకు ఎర్ర ఇన్సులేషన్ టేపుతో గీత పెట్టాం. ఆ గీత దాటి పైకి తీయకూడదు.

రెండోది టెల్‌టేల్స్. తెరచాప మీద గాలి ఎలా పారుతోందో చూపించే దారం ముక్కలివి. ఉన్ని దారం తడిసి తెరచాపకు అతుక్కుపోయింది, పాప దాన్ని నమ్మి తెరచాప తాడు లాగుతూనే ఉంది. పాత క్యాసెట్ విప్పి, ఆ టేపు జానెడు జానెడు కత్తిరించి అతికించాం. నీళ్లు పడ్డా దులుపుకుని లేస్తుంది. తెరచాపకు రెండు వైపులా టేపు వెనక్కి తిన్నగా పారితే తాడు సరిగ్గా ఉన్నట్టు. పాప వైపు, అంటే గాలి వైపున్న టేపు ఎగిరెగిరి పడితే తాడు కొంచెం లాగాలి. అవతలి వైపు టేపు చచ్చినట్టు వేలాడితే వదలాలి. రీచ్‌లో ఎక్కువమంది చేసే తప్పు ఈ రెండోదే, అవసరానికి మించి లాగి ఉంచడం.

ఇప్పటిదాకా: పరుగులు 24. టేపు రూ. 60, కాకకు 800. మొత్తం రూ. 5,160.

దశ 3: ఇద్దరు కలిస్తే (పుష్యమి, 2 ఆదివారాలు)

మూడు పడవలనూ ఉత్తరం బోయ దగ్గర ఒకేసారి వదిలితే చిన్న పడవ వెంటనే వెనకబడి ఎవరికీ ఏమీ తెలియదు. అందుకే పాపను 30 మీటర్లు ముందు పోనిచ్చాం. వెనక రేడియల్, దాని వెనక ఎంటర్‌ప్రైజ్.

మొదటి పరుగులోనే అసలు రోగం బయటపడింది. రేడియల్ పాప వెనకే వచ్చి, నాలుగు మీటర్ల దూరంలో గాలి వచ్చే వైపు నుంచి దాటబోయింది. పాప తన గాలి పోతుందని పడవ ముక్కును పైకి తిప్పింది. వాడూ తిప్పాడు. ఇద్దరూ పోటీపడి సగం దూరం దాకా పైకి ఎక్కుతూనే పోయారు, మిగతా సగం కిందికి దిగుతూ వచ్చారు. జీపీఎస్ గీత చూస్తే ఇంటి కప్పులా ఉంది. రేడియల్‌కు 181 సెకన్లు, పాపకు 248. ఇద్దరికీ చెరో 26 సెకన్లు దండగ. ఎంటర్‌ప్రైజ్ వీళ్లిద్దరినీ వదిలేసి తిన్నగా వచ్చి 152లో బోయ చేరింది.

ఒడ్డుకు రాగానే పాప మొదట అడిగింది రూలు. “నేను కిందున్న పడవను కదా సార్, వాడే తప్పుకోవాలె కదా?” అవును. ఒకే వైపు గాలి పట్టిన రెండు పడవల్లో గాలి వైపున్నదే తప్పుకోవాలి, తెరచాప పందేల అంతర్జాతీయ రూళ్లలో అది 11వది. వెనక నుంచి వచ్చి మనకు కింద, రెండు పడవల పొడవు లోపల జత కలిసిన (ముక్కు మన పడవ వెనక అంచును దాటి వచ్చిన) పడవకైతే తన సరైన దారి కంటే పైకి పోకూడదని 17వ రూలు అడ్డం వస్తుంది. పాప ముందునుంచీ అక్కడే ఉంది కాబట్టి అది ఆమెకు వర్తించదు. హక్కు పూర్తిగా ఆమెదే.

తర్వాత ఆ పిల్ల వేసిన లెక్క నన్ను ఆపేసింది. 26ను 1.64తో భాగిస్తే 15.9. 26ను 1.15తో భాగిస్తే 22.6. “సరిచేసిన లెక్కల వానికే ఎక్కువ పోయింది సార్, నాకు తక్కువే పోయింది.” లెక్క ఒప్పే. నెమ్మది పడవకు పోయిన సెకను విలువ తక్కువ. పందెంలో ఇద్దరే ఉంటే ఆ గొడవ ఆమెకు లాభమే. మూడో పడవ ఉంది కదా, అది ఇద్దరి దగ్గరా తీసుకుపోయింది. సీజన్ మొత్తం పాయింట్లలో ఆఖరికి ఒక్క పడవనే ఓడించాల్సిన రోజు వస్తే ఆ లెక్క పనికొస్తుందని చెప్పాను, రాసుకుంది.

పక్కకు పోతే ఎంత దూరం పెరుగుతుందో అందరం కూర్చుని లెక్కవేశాం. 400 మీటర్ల లెగ్‌లో సగం దాకా పైకి ఎక్కి, మిగతా సగం అంతే కోణంలో దిగితే:

5 డిగ్రీలకు 1.5 మీటర్లు ఎక్కువ.
10 డిగ్రీలకు 6 మీటర్లు.
15 డిగ్రీలకు 14 మీటర్లు.
20 డిగ్రీలకు 26 మీటర్లు.

వీళ్లు ఎక్కింది దాదాపు 20. 26 మీటర్లంటే రేడియల్‌కు 10 సెకన్లు. మరి పోయింది 26. మిగతా 16 ఎక్కడికి పోయాయి? కొంత దిగేటప్పుడు పోయింది: మొదట ఎక్కినవాళ్లు చివర్లో వెనకగాలితో నెమ్మదిగా దిగాల్సి వస్తుంది. చాలా పడవలు చివరి 100 మీటర్లలో నత్తల్లా నెమ్మదించడానికి కారణం ఇదే. అంతా దానివల్లేనా అన్నది తేలలేదు. మిగతా పదకొండు పరుగుల్లోనూ ఎవరు ఎవరి దగ్గరికి వెళ్లినా సెకన్లు పోతూనే ఉన్నాయి, తిన్నగా నడిచినప్పుడు కూడా.

ఇప్పటిదాకా: పరుగులు 36. మొత్తం రూ. 5,960.

దశ 4: గాలి నీడ (ఆశ్లేష, మొదటి ఆదివారం)

తెరచాప వెనక గాలి చచ్చిపోతుంది, దాన్నే గాలి నీడ అంటున్నాం. అది ఎక్కడ పడుతుందో కొలవాలి. కాక థర్మాకోల్ తెప్ప ఒకటి ఇచ్చాడు. దాని మీద రెండు మీటర్ల వెదురు నిలబెట్టి, అడుగుకో క్యాసెట్ టేపు ముక్క కట్టాం. తెప్పను కట్టేసి, పక్కనుంచి పడవలను పోనిచ్చాం.

మొదటి నాలుగు పరుగులకు ఏమీ దొరకలేదు. పడవ వెదురుకు ఎదురుగా వచ్చిన క్షణాన టేపు చూస్తున్నాం, అది మామూలుగానే ఎగురుతోంది. నా ఆలోచనలోనే తప్పుంది. ఒడ్డున కూర్చున్న కాకే దారి చూపించాడు. ఛాయా సోమేశ్వరాలయం ఈ చెరువు దగ్గరే. గర్భగుడిలో పొద్దంతా కదలని నీడ పడే గుడి. “ఆ నీడ గుళ్లె కదలదు గని, ఈ నీడ పడవెంట నడుస్తది సార్. వెనక సూడుండ్రి” అన్నాడు. పుట్టిలో పోతూ మొహానికి తగిలే గాలిని బట్టి ఆయనకు తెలిసిన విషయం అది.

నిజమే. నడుస్తున్న పడవకు తగిలే గాలి అడ్డంగా రాదు, కొంచెం ముందు నుంచి వస్తుంది. నీడ కూడా దానికి తగ్గట్టే కిందికి, వెనక్కి వాలుతుంది. గాలి 15, ఆప్టిమిస్ట్ వేగం 6.5 కిలోమీటర్లు; అంటే కిందికి 10 మీటర్లు పోతే నీడ 4.3 మీటర్లు వెనక ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్‌కు అదే 6.4 మీటర్లు. ఐదో పరుగులో పడవ దాటిపోయాక చూస్తే టేపులన్నీ ఒక్కసారి వాలిపోయి, మళ్లీ లేచాయి. ఆప్టిమిస్ట్ నీడ 10 మీటర్ల దాకా స్పష్టంగా తెలిసింది. ఆరో పరుగు ఎంటర్‌ప్రైజ్‌తో తీస్తే 25 మీటర్ల దగ్గర కూడా టేపు తడబడింది.

దీంతో చాలా సంగతులు ఒకేసారి విడిపోయాయి. కింది నుంచి దాటేవాడికి దెబ్బ పక్కకు వచ్చినప్పుడు కాదు, ఇంకా వెనక ఉండగానే తగులుతుంది. రేడియల్, ఆప్టిమిస్ట్ మధ్య వేగం తేడా సెకనుకు 0.78 మీటర్లు. నీడ వెడల్పు, పడవ పొడవు కలిపి 8 మీటర్లు అనుకుంటే దాన్ని దాటడానికి 10 సెకన్లు. భరించవచ్చు. ఎంటర్‌ప్రైజ్, రేడియల్ మధ్య తేడా 0.07 మాత్రమే. అదే నీడను దాటడానికి దాదాపు రెండు నిమిషాలు, అంటే లెగ్ అయిపోతుంది. ఆ అక్కాతమ్ముడు పోయిన వారాల్లో రేడియల్ కింద దూరి అక్కడే ఎందుకు ఉండిపోయారో అప్పుడు అర్థమైంది. వాళ్ల చేతుల్లో లోపం ఏమీ లేదు, చోటే తప్పు.

ఇప్పటిదాకా: పరుగులు 42. వెదురు రూ. 90, కాకకు 400 (ఆయన 500 తీసుకోవాలని పట్టుబట్టాను, ఒప్పుకోలేదు). మొత్తం రూ. 6,450.

దశ 5: మార్చినవి (ఆశ్లేష రెండో వారం, మఖ మొదటి వారం)

దాటాలా వద్దా, పైనుంచా కిందనుంచా అన్నది ముందు పడవ ఇంకా దూరంగా ఉండగానే తేల్చుకోవాలి. ఈ డైరీలో ఒక్క ముక్క తీసుకెళ్లమంటే ఇదే తీసుకెళ్లమంటాను. పక్కకు 12 మీటర్లు జరగడానికి 100 మీటర్ల దూరం వాడుకుంటే అదనంగా నడిచేది 70 సెంటీమీటర్లు. దగ్గరికి వెళ్లాక 15 మీటర్లలో అదే 12 జరిగితే అదనం 4.2 మీటర్లు, అదీ అప్పటికే నీడలో ఉండి.

మేం పెట్టుకున్న పద్ధతి:

1. వేగం తేడా ఎక్కువుంటే: 80 మీటర్ల ముందే ఒక వైపు ఎంచుకో. పైనుంచైతే కనీసం మూడు పడవల దూరం, అప్పుడు ముందున్నవాళ్లకు పైకి తిప్పాలని అనిపించదు. కిందనుంచైతే చిన్న పడవకు 15 మీటర్లు.
2. తేడా లేకపోతే: దాటాలని చూడొద్దు. నీడ పడని వరుసలో తిన్నగా నడిచి, గాలి విసురు కోసం ఆగు.
3. నెమ్మది పడవ: వెనకవాళ్లు దూరంగా వస్తుంటే పోనివ్వు. వాళ్లు దాటగానే వాళ్ల వెనక అల మీదికి ఎక్కు.

మూడోది పాపకు చాలా నచ్చింది. ఎంటర్‌ప్రైజ్ దాటేటప్పుడు దాని వెనక పక్కన లేచే అల వాలులో ఆప్టిమిస్ట్ ముక్కు పెడితే ఏడెనిమిది సెకన్లు లాక్కుపోతుంది. ఆ క్షణంలో ఒక్కసారి తాడు లాగవచ్చు. 42వ రూలు ప్రకారం ఎదురుగాలి లెగ్ కాకపోతే, జారడానికి వీలున్నప్పుడు, ఒక అలకో ఒక విసురుకో ఒక్కసారి మాత్రమే. రెండోసారి లాగిన పరుగులు నేను లెక్కలోంచి తీసేశాను.

మఖలో విసుర్లు ఎక్కువయ్యాయి. విసురు వచ్చినప్పుడు కిందికి దిగాలి, గాలి తగ్గినప్పుడు పైకి ఎక్కాలి. పిల్లలు సరిగ్గా తిరగేసి చేస్తున్నారు. విసురుకు పడవ ఒరిగితే దానంతట అదే పైకి తిరుగుతుంది, వీళ్లు దానితో పోతారు. గాలి తగ్గాక కిందున్న బోయ గుర్తొచ్చి దిగుతారు, పడవ నిలిచిపోతుంది. రేడియల్ పిల్లవాడికి ఈ అలవాటు మారడానికి రెండు ఆదివారాలూ పట్టాయి. నీటి మీద నల్లటి మరక వస్తోందంటే చాలు, తాడు ముందు వదిలి, బయటికి వాలి, పడవ నిటారుగా అయ్యాక లాగమన్నాను. ఒరిగాక వదిలితే ఆలస్యమే.

ఇప్పటిదాకా: పరుగులు 58. మొత్తం రూ. 7,250.

దశ 6: దక్షిణం బోయ (మఖ, రెండో ఆదివారం)

బోయను ఎడమ చేతికి వదిలి తిరుగుతాం. దక్షిణానికి వెళ్లేటప్పుడు గాలి కుడివైపు నుంచి. కాబట్టి బోయ దగ్గర లోపలి చోటు కింద ఉన్న పడవది. తిరిగి ఉత్తరానికి వచ్చేటప్పుడు గాలి ఎడమ నుంచి, ఇప్పుడు లోపలి చోటు పైనున్న పడవది. వెళ్లేటప్పుడు కింద, వచ్చేటప్పుడు పైన. ఇది తెలిశాక దాటే వైపు ఎంచుకోవడం సగం సులువైంది.

గొడవ వచ్చింది బోయ చుట్టూ ఉండే మూడు పడవల దూరం మీద. ఆ దూరంలోకి వచ్చేసరికి జత కలిసి ఉంటే బయటి పడవ లోపలి పడవకు చోటివ్వాలి. ఎవరి పడవ పొడవు? ఇద్దరిలో బోయకు దగ్గరున్నదాని పొడవు. రేడియల్ 4.23 మీటర్లు, మూడింతలు 12.7. ఆప్టిమిస్ట్‌కు 7 మీటర్లే. పాప ముందుంది, రేడియల్ లోపలి నుంచి వస్తూ 12 మీటర్ల దగ్గర ఇంకా జత కలవలేదు, కాబట్టి తనకు చోటివ్వనక్కరలేదని పాప అనుకుంది. దగ్గరున్నది ఆమె పడవే, లెక్క 7 మీటర్ల దగ్గర చూడాలి. అప్పటికి వాడు జత కలిశాడు. చోటివ్వాల్సింది పాపే. పడవలు తగిలాయి, ఆప్టిమిస్ట్ అంచున వేలెడు గీత పడింది. ఒడ్డున ఇసుకలో రెండు వృత్తాలు గీసి ఇద్దరినీ వాటిలో నడిపించాను. మాటలతో చెప్పినప్పుడు ఎక్కనిది అలా ఎక్కింది.

సాయంత్రం అటూ ఇటూ కలిపి 800 మీటర్ల పందెం, మూడు పడవలూ ఒకేసారి వదిలి. ఎంటర్‌ప్రైజ్ 300 సెకన్లు, సరిచేస్తే 267.9. రేడియల్ 312, సరిచేస్తే 271.3. పాప ఇద్దరినీ మొదట్లోనే పోనిచ్చి, ఎంటర్‌ప్రైజ్ అల పట్టుకుని, మిగతా దూరం గీత గీసినట్టు వచ్చింది: 428. సరిచేస్తే 261. జీపీఎస్‌లో ఆమె నడిచిన దూరం 804 మీటర్లు.

ఇప్పటిదాకా: పరుగులు 63, మొదటి దశలో పారేసినవి 7. మొత్తం రూ. 7,650.

మిగిలినవి: ఆప్టిమిస్ట్ గీతకు జెల్‌కోట్ (పడవ పైపూత) పూయాలి. గంటకు 8 కిలోమీటర్ల లోపు గాలిలో ఒక్క పరుగు కూడా లేదు, దసరా తర్వాత గాలి మళ్లినప్పుడు తీయాలి. దక్షిణం బోయ తాడు డబ్బా చెవి దగ్గర రాసుకుని సగం దారాలు తెగాయి. అక్కడ పాత సైకిల్ ట్యూబ్ చుట్టి కొత్త తాడు కట్టాలి.